జడుసుకున్న అన్నం

వలెన్సియా,
15 జనవరి 1984.

మరదలు దొలోర్స్‌కు ఎతెల్వీనా వదిన ఆశీస్సులు.

నేను క్షేమంగా చేరాను. నా మోకాళ్ళు నాకంటే క్షేమం. మన అవిలెస్ డాక్టరు ఎండ తగలాలని చెప్పినప్పుడు, ఎండ ఏ మందుల షాపులో అమ్ముతారండీ అని వెక్కిరించాను కదా. ఇక్కడ దాన్ని వీధుల్లో పారబోస్తున్నారు. నడి జనవరిలో బల్లలు బయట వేసుకుని కూర్చుని, పైగా చలి చలి అని వణుకుతున్నారు. వీళ్ళను తీసుకెళ్ళి మన వానలో ఒక్క వారం నానబెట్టాలి.

వీధి పొడుగునా నారింజ చెట్లు. చెట్ల నిండా కాయలు. ఒక్కడూ కొయ్యడు. ఎంత పొగరుబోతు ఊరు అనుకుని ఒకటి కోసుకుని తిన్నాను. ఎందుకు కొయ్యరో అప్పుడు తెలిసింది. సాయంత్రం దాకా నా మూతి తిన్నగా రాలేదు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదానివి, నాకు ముందే ఒక మాట చెప్పొచ్చుగా.

పెద్ద చర్చి గంటల గోపురం కూడా ఎక్కాను. మోకాళ్ళ నొప్పికని వచ్చి గోపురం ఎందుకు ఎక్కావని అడగకు. కింద టికెట్లు చింపే మనిషి నన్ను ఎగాదిగా చూసి, అమ్మగారూ మీరు బెంచీ మీద కూర్చోండి, మీవాళ్ళు చూసొచ్చి చెబుతారు అన్నాడు. ఇక ఎక్కక ఏం చేస్తాను. పైనుంచి సముద్రం కనిపించింది. దిగేటప్పుడు ఇద్దరు జర్మనీవాళ్ళు నన్ను చెరో రెక్క పట్టుకుని దింపారు. మర్యాదస్తులు.

నీకు ఇచ్చిన మాట మరిచిపోలేదు. మీ అక్క పెపికా ఉండే కబాన్యాల్ పేట వైపు తిరిగి కూడా చూడలేదు. అయితే ఒక చిక్కుంది. కొత్త ఊరు, పొరపాటున ఆ వీధిలోకే వెళ్ళిపోతానేమోనని భయంగా ఉంది. ఏ వీధిలోకి వెళ్ళకూడదో, ఏ ఇంటి ముందు నిలబడకూడదో ఇంటి నంబరుతో సహా రాస్తే జాగ్రత్తగా ఉంటాను.

ఇట్లు,
నీ వదిన ఎతెల్వీనా.


అవిలెస్,
21 జనవరి.

గౌరవనీయులైన వదినగారికి దొలోర్స్ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. వాన పడుతోంది. ఈ రెండు ముక్కలు రాస్తే అవిలెస్ విశేషాలు అయిపోయినట్టే.

మీ తమ్ముడు సెల్సో బాగున్నాడు. ఆదివారం చిక్కుడు గింజల కూర తనే వండుతున్నాడు. మీరు లేరు కదా, ఇంటి పద్ధతి చెడిపోతుందని నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడు. ఫోన్ మాత్రం చేయకండి. కింద పాలకొట్టులో ఉన్న ఫోన్ దగ్గరికి నేను దిగేసరికి వీధంతా చుట్టూ చేరి వింటుంది.

మీరు వెళ్ళకూడని చోటు వివరంగా రాస్తున్నాను. బస్సు దిగి సముద్రం వైపు నడిస్తే మందుల షాపు వస్తుంది. దాని పక్క వీధిలో, ఎడమ చేతివైపు మూడో ఇల్లు, నంబరు పద్నాలుగు. ముందు గోడకు నీలం పెంకులు, తలుపు మీద గంట లేదు, కొట్టడానికి చెయ్యి ఆకారంలో ఇనుప పిడి ఉంటుంది. గట్టిగా రెండుసార్లు కొడితేగాని లోపలికి వినబడదు. మీరు కొట్టరనుకోండి. ముఖ్యంగా ఆదివారం పన్నెండు దాటాక ఆ వైపు పోకండి. పెరట్లో నారింజ కట్టెల మీద అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఆ వాసనకు మీరు ఆగలేరు.

ఆ ఇంటి సంగతి మీకు తెలిసిందే. ఇరవై ఏళ్ళ కిందట సెయింట్ జోసెఫ్ పండుగ. మా నాన్న పేరూ జోసెప్పే కాబట్టి ఆయనకూ పండుగే. నాకు కొత్తగా పెళ్ళయింది, మర్నాడు సెల్సోతో రైలెక్కి మీ ఊరు రావాలి. చుట్టాలంతా వచ్చారు. పెనంలో బియ్యం పోశాక గరిటె తగలనివ్వకూడదని మా ఊళ్ళో పళ్ళు రాని పిల్లలకు కూడా తెలుసు. అక్కా నేనూ చుట్టాలతో కలిసి టపాకాయలు చూడ్డానికి వీధిలోకి వెళ్ళాం. మధ్యలో శాలువా కోసమని నేను ఒకసారి లోపలికి వెళ్ళొచ్చాను, నిమ్మకాయల కోసమని అక్క ఒకసారి. వచ్చి చూసేసరికి అన్నం జావ. నువ్వు కలిపావంటే నువ్వు కలిపావని అరుచుకున్నాం. మా నాన్న ఆ జావను రొట్టెతో అద్దుకుని తిన్నాడు, పాపం. మేమిద్దరం మాట్లాడుకోవడం అదే ఆఖరు. ఆ తర్వాత ఆయన పోయినప్పుడు కూడా శవపేటికకు చెరో పక్క నిలబడ్డాం, అంతే.

నేను కలపలేదు వదినా. పోయేలోపు ఆ మాట మా అక్క నోటితో వినాలి. నాకు వేరే కోరికలు లేవు. అలాగని ముందు నేను పలకరించను. మీరు కూడా నా తరఫున పలకరించకండి.

పట్టు బజారు భవనం చూడండి. చూరు కింద రాతి బొమ్మలు ఉంటాయి. చూడండి గాని, ఏం చూశారో నాకు రాయకండి, ఈ ఉత్తరాలు సెల్సో కూడా చదువుతాడు.

మీ మరదలు,
దొలోర్స్.


వలెన్సియా,
31 జనవరి.

మరదలు దొలోర్స్‌కు,

పట్టు బజారు చూశాను. నువ్వు రాయొద్దన్నావు కాబట్టి రాయను. ఆ చూరు బొమ్మలు చేస్తున్న పనులు చూసి సిగ్గుతో తల దించుకున్నాను. తర్వాత మళ్ళీ ఎత్తాను. పక్క గోడకు ఇంకా ఉన్నాయని ఎవరో చెబితే అటు కూడా వెళ్ళాను. సెల్సోకు చెప్పు, వాళ్ళ అక్క కళ చూసి వచ్చిందని.

గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి తలుపు ముందు నీటి పంచాయతీ జరుగుతుంది. నల్ల చొక్కాల రైతులు గుండ్రంగా కూర్చుంటారు, ఒకాయన నిలబడి ఒక్కో కాలువ పేరు పిలిచి, ఎవరికైనా ఫిర్యాదులు ఉన్నాయా అని అడుగుతాడు. నాకు ఉంది. మా బసలో రాత్రి తొమ్మిది దాటితే కొళాయి రాదు. కాబట్టి ముందుకు వెళ్ళాను. ఏ కాలువ అని అడిగాడాయన. రెండో అంతస్తు అన్నాను. జనం నవ్వారు గాని, పంచాయతీ పెద్దలు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. కొళాయి తమ పరిధిలోకి రాదని గంభీరంగా తీర్పు చెప్పారు. వెయ్యేళ్ళ పంచాయతీలో నా కేసు కొట్టేశారంటే మాటలా.

ఇక్కడ ఒర్చాతా అని చల్లగా, పాలలా ఉండే పానీయం తాగుతారు కదా. కూజాలో తెచ్చి పెట్టారు. మన ఆపిల్ కల్లు పోసుకున్నట్టు, అలవాటుకొద్దీ కూజా తలపైకెత్తి గ్లాసు మోకాలి దగ్గర పట్టుకుని పోశాను. గ్లాసులో సగం పడింది. మిగతా సగం పక్క బల్ల దగ్గర కూర్చున్న లాయరుగారి చొక్కా మీద పడింది. మా ఊళ్ళో ఇలాగే పోస్తారండీ అని చెబితే, మీ ఊళ్ళో లాయర్లు ఉండరా అని అడిగాడు.

ఆదివారం ఒక చిన్న హోటల్లో తిన్నాను. ఎక్కడో గుర్తు లేదు. బోర్డు కూడా లేదు. పెరట్లో వండుతారు. వెడల్పాటి పెనం బల్ల మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చుని, చెక్క చెంచాలతో పెనంలోనే తినడం. ఎవరి ముందున్నది వాళ్ళది, అంచునుంచి నడిమి దాకా. మధ్యలో కనబడని గట్లు ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. నా పక్కన కూర్చున్న ముసలాయన నములుతూ నములుతూ నిద్రపోయాడు. వృథా అవుతుందని అతని పొలంలోంచి కుందేలు తొడ ఒకటి లాగాను. కళ్ళు తెరవకుండానే చెంచాతో నా చేతి మీద ఒక్కటిచ్చాడు. హోటలు ఆవిడ ఏమీ అనకుండా తన వైపునుంచి ఒక ముక్క తీసి నా గట్టు మీద పెట్టింది. అడుగున అంటిన మాడు ఉంది చూశావూ, దాని గురించి రాస్తే నాకు మళ్ళీ ఆకలేస్తుంది. ఇంకో నెల ఉండి వస్తాను. మోకాళ్ళ కోసం.

నీ వదిన,
ఎతెల్వీనా.


అవిలెస్,
8 ఫిబ్రవరి.

వదినగారికి,

మీరు చెప్పిన హోటలు గురించి చదివాను. నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పెరట్లో వండి, బోర్డు లేకుండా నడిపే హోటళ్ళు ఎక్కడా లేవు. కొత్తగా పెట్టి ఉంటారు. నాకేం.

నిద్రపోతూ తినే ముసలాయన అన్నారు. మా అక్క మొగుడు బతీస్తా ఒకడు అలాగే తినేవాడు. నా పెళ్ళి విందులో కూడా అలాగే నిద్రపోయాడు, ఫొటో ఉంది. అయినా అలాంటి మగవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు లెండి.

ఊరికే అడుగుతున్నాను. ఆ హోటలు ఆవిడ చిక్కుడుకాయలు కత్తితో కోస్తుందా, చేత్తో తుంచుతుందా. కుంకుమపువ్వు నేరుగా వేస్తుందా, కాగితంలో పెట్టి పెనం అంచు మీద వెచ్చబెట్టి నలిపి వేస్తుందా. జుట్టు నెరిసిందా, రంగు వేస్తుందా. మోకాలు ఎలా ఉంది. మీది కాదు, ఆవిడది.

నాకు తెలుసుకోవాలని ఏమీ లేదు. వానలో పొద్దుపోక రాశాను.

మీ మరదలు,
దొలోర్స్.


వలెన్సియా,
19 ఫిబ్రవరి.

మరదలు దొలోర్స్‌కు,

ఊరికే అడిగావు కాబట్టి ఊరికే చెబుతున్నాను. చిక్కుడుకాయలు చేత్తోనే తుంచుతుంది. కుంకుమపువ్వు కాగితంలోనే. జుట్టు పూర్తిగా తెల్లబడింది, రంగు వేసేవాళ్ళను చూస్తే మూతి తిప్పుకుంటుంది. కుడి మోకాలు నొప్పి. మెట్లెక్కుతూ మీ వలెన్సియా భాషలో ఏదో తిట్టుకుంటుంది. నాకు అర్థం కాలేదు గాని, బతీస్తా, అంటే ఆ నిద్రపోయే ముసలాయన, ఆ మాట వినగానే కుర్చీ ఇంకో మూలకు జరుపుకుంటాడు.

ఈ ఆదివారం ఆవిడ నన్ను ఏ ఊరని అడిగింది. అవిలెస్ అన్నాను. చేతిలోని ఉప్పు డబ్బా కింద పెట్టింది. అక్కడ వానలు ఎక్కువటగా అంది. ఎక్కువే అన్నాను. అంత వానలో దగ్గున్నవాళ్ళు ఎలా ఉంటారో అంది. కొందరికి చిన్నప్పటినుంచీ చలికాలం దగ్గు పట్టుకుంటే వదలదట, తేనె వేడిచేసి ఇస్తేనే తగ్గుతుందట. మా ఊళ్ళో తేనె దొరుకుతుందండీ అన్నాను. వేడి చేసి ఇచ్చేవాళ్ళు ఉండాలి కదా అంది. నేను ఇంకో చెంచా అన్నం తిన్నాను.

ఇంకో సంగతి. ఆ హోటల్లో గోడకు ఫొటోలు ఉన్నాయి. వాటిలో ఒకటి గోడవైపు తిప్పి తగిలించి ఉంది. మనకు వెనక అట్ట మాత్రమే కనబడుతుంది. కానీ ఆవిడ మిగతా ఫొటోలతోపాటు దాన్ని కూడా రోజూ తుడుస్తుంది.

నీ వదిన,
ఎతెల్వీనా.


అవిలెస్,
24 ఫిబ్రవరి.

వదినా,

ఎటువైపు తుడుస్తుంది?

దొలోర్స్.


వలెన్సియా,
5 మార్చి.

దొలోర్స్,

రెండు వైపులా.

ఇక హోటలు సంగతి మానేద్దాం. అది మీ అక్క ఇల్లని నీకు తెలుసు, నీకు తెలుసని నాకు తెలుసు, నేనెవరో పెపికాకు మొదటి ఆదివారమే తెలుసట. సెల్సో ముక్కు, నా ముక్కు ఒకే అచ్చులో పోశారంది. ఇన్ని వారాలూ ముగ్గురం నాటకం ఆడాం. నిన్న ఆ నాటకం ముగిసింది. ఎలా ముగిసిందో రాస్తాను, ఈ ఒక్క ఉత్తరం సెల్సోకు చూపించకుండా, కూర్చుని చదువు.

మార్చి మొదలైంది కదా, సెయింట్ జోసెఫ్ పండుగకని రోజూ మధ్యాహ్నం రెండింటికి వీధి చివర టపాకాయలు కాలుస్తున్నారు. పెనంలో బియ్యం పోశాక బతీస్తాను నిద్రలేపి అందరం చూసొద్దాం అంది పెపికా. నాకు చెవులు పగులుతాయి, నేను రానన్నాను. సరే అయితే ఇక్కడే కూర్చో, మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగు, గరిటె మాత్రం ముట్టుకోకు అని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. గరిటె కూడా తనతోనే పట్టుకెళ్ళింది. అంత నమ్మకం.

నేను ముట్టుకోలేదు దొలోర్స్. నా తల్లి మీద ఒట్టు. స్టూలు మీద కూర్చుని మంట చూస్తున్నాను. ఈలోగా అన్నం కుతకుత ఉడకడం మొదలుపెట్టింది. ఉడుకుతున్న గిన్నెను చూస్తే మన అవిలెస్ ఆడది ఏం చేస్తుంది? మన చిక్కుడు గింజల కూరకైనా గరిటె పెడతామా? గింజ చితుకుతుందని పెట్టం కదా. రెండు చెవులూ పట్టుకుని గిన్నెను ఊపుతాం. పొంగు బాగా వస్తే చన్నీళ్ళు చిలకరించి గింజల్ని బెదిరిస్తాం. మూడుసార్లు బెదిరిస్తేగాని గింజ మెత్తబడదు. మా అమ్మ చేసింది, వాళ్ళమ్మ చేసింది. నా చేతులు వాటంతటవే లేచాయి. పెనం ఊపాను. పక్కనే కూజాలో చన్నీళ్ళు ఉన్నాయి. బెదిరించాను. మళ్ళీ ఊపాను. మొత్తం మూడుసార్లు, పద్ధతిగా.

వాళ్ళు తిరిగొచ్చారు. పెపికా పెనంలోకి చూసింది. ముందు తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది.

"గరిటె పెట్టావా?" అంది.

"లేదు."

"మరేం చేశావు?"

"ఊపాను. ఆ తర్వాత బెదిరించాను."

"ఎవర్ని?"

"అన్నాన్ని."

బతీస్తా నవ్వడం మొదలుపెట్టాడు. ఎంత నవ్వాడంటే కట్టుడు పళ్ళ పైవరస ఊడి చేతిలో పడింది, అది చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. పెపికా మాత్రం నవ్వలేదు. చెంచా ముంచి ఆ జావ నాలుక మీద వేసుకుంది. ఇది ఆ రోజు అన్నమే అంది. అదే జావ, అదే రుచి అంది. మీ ఊళ్ళో అందరూ ఇలాగే బెదిరిస్తారా అని అడిగింది. అందరమూ, మగవాళ్ళతో సహా అన్నాను.

ఆ రోజు మీరంతా టపాకాయలకు వెళితే పొయ్యి దగ్గర ఎవరు కూర్చున్నారట? కొత్త పెళ్ళికొడుకు. అతనికీ టపాకాయలంటే పడవు. మా ఇంట్లో ఎవరికీ పడవు.

దొలోర్స్, నువ్వు కలపలేదు. మీ అక్కా కలపలేదు. నా తమ్ముణ్ణి అడుగు.

ఎతెల్వీనా.


అవిలెస్,
9 మార్చి.

వదినా,

అడిగాను. కూరగాయలు తరుగుతూ, మామూలుగా, ఆ రోజు పొయ్యి దగ్గర నువ్వేం చేశావు సెల్సో అని అడిగాను. అతని మొహం వెలిగిపోయింది. "నేనే కదా దాన్ని చూసుకున్నది. మీరంతా వదిలేసి పోతే అడుగంటబోయింది. ఊపి, మూడుసార్లు బెదిరించి కాపాడాను. తర్వాత మీ ఇద్దరిలో ఎవరో గరిటె పెట్టి పాడుచేశారు" అన్నాడు.

ఇరవై ఏళ్ళ కిందట నేనే అతన్ని గరిటె పెట్టావా అని అడిగాను. లేదన్నాడు. నిజమే చెప్పాడు. మా గొడవలో వేలు పెట్టడం మర్యాద కాదని, తన గొప్పతనం కూడా ఎవరికీ చెప్పుకోలేదట. పైగా ఇన్నాళ్ళూ మా ఇద్దరి మీదా మనసులో కాస్త చిన్నచూపు ఉందట, అంత బాగా కాపాడిన అన్నాన్ని పాడుచేశామని.

కత్తి కింద పెట్టి వేరే గదిలోకి వెళ్ళిపోయాను. ఎందుకైనా మంచిదని. అతనితో మాటలు మానేశాను. అతను మాత్రం, నిన్నటినుంచీ మాట్లాడటం లేదెందుకు, మళ్ళీ దగ్గా అని తేనె వేడి చేసి తెచ్చాడు. తిట్టాలో తాగాలో తెలియక తాగాను.

నేను కలపలేదని మా అక్కకు ఇప్పుడు తెలిసింది కదా. ఏమంది? ఒక్క మాటైనా అని ఉంటుంది. నా పేరు ఎత్తిందా? నన్ను రమ్మందా? ఉన్నదున్నట్టు రాయండి, తీపి పూయకండి. నేను వీధి చివరిదాకా వెళ్ళి పోస్టుమాన్ కోసం గొడుగు పట్టుకుని నిలబడుతున్నాను. ఈ వయసులో సిగ్గుగా ఉంది.

దొలోర్స్.


వలెన్సియా,
13 మార్చి.

దొలోర్స్,

తీపి పూయకుండా రాస్తున్నాను. నీ పేరు ఎత్తలేదు. రమ్మనలేదు.

ఆ ఆదివారం సాయంత్రం గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి వెనక గదిలోని పరుపు ఎండలో ఉంది. ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. పరుపుకు ఎండ తగలాలి, మీ డాక్టరు నీకు చెప్పలేదా అంది. నిన్న ఆ గదికి సున్నం వేయించింది. ఇవాళ బతీస్తాతో కిటికీ తలుపు బాగుచేయించింది. నేను ఉండబట్టలేక, ఆమెకు ఒక ఉత్తరం ముక్క రాయరాదా వదినగారూ అన్నాను. సొంతింటికి రావడానికి ఎవరైనా పిలుపు కోసం చూస్తారా అంది. మరి ఆమె పిలిస్తేనే వస్తానంటోంది అన్నాను. అయితే రానక్కరలేదు అని దుప్పట్లు ఉతకడానికి పోయింది. మంచి దుప్పట్లు, అంచుకు లేసు ఉన్నవి.

మీ ఇద్దరి మధ్య నా బుర్ర వాచిపోయింది. అసలు ఒకటడుగుతాను. అన్నం ఎవరు పాడుచేశారో తేలిపోయింది. ఇంకా దేనికి ఈ పంతం? అన్నం కాక ఇంకేదైనా ఉందా?

అన్నట్టు ఒక దుర్వార్త. నిన్న గోపురం మెట్లు దిగుతూ కుడి కాలు బెణికింది. నడవలేకపోతున్నాను. ఒంటరిగా రైలెక్కడం కల్ల. సెల్సోకు సెలవు దొరకదు. నన్ను తీసుకెళ్ళడానికి ఎవరు వస్తారో నీకే వదిలేస్తున్నాను. ఈ ఎడమ కాలు ఇంత పని చేస్తుందనుకోలేదు.

నీ నిర్భాగ్యపు వదిన,
ఎతెల్వీనా.


టెలిగ్రాం
అవిలెస్, 16 మార్చి.

ఆదివారం ఉదయం రైలుకు వస్తున్నాను. ఈలోగా ఏ కాలో తేల్చుకోండి. దొలోర్స్.


వలెన్సియా,
17 మార్చి.

మరదలా,

ఈ కాగితం బస ఇంటావిడ చేతికి ఇచ్చి పోతున్నాను. నువ్వు రైలు దిగి నేరుగా ఇక్కడికే వస్తావని తెలుసు. మీ అక్క ఇంటికి ముందు వెళ్ళేంత ధైర్యం నీకు లేదు.

నా రెండు కాళ్ళూ బాగున్నాయి. ఈ రాత్రి రైలుకు అవిలెస్ వెళ్తున్నాను. నేను ఉంటే మీరిద్దరూ నాతోనే మాట్లాడతారు. ఉప్పు ఇమ్మని చెప్పు, కుర్చీ జరపమని చెప్పు అని నన్ను గోడలా వాడుకుంటారు. నాకు ఆ ఉద్యోగం వద్దు. సెల్సోను నేను చూసుకుంటాను. వాడికి అసలు సంగతి మెల్లగా చెబుతాను. అన్నాన్ని కాపాడిన వీరుణ్ణని ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాడు. ఒక్కసారిగా చెబితే తట్టుకోలేడు.

పెపికాకు నువ్వు వస్తున్నావని నేను చెప్పలేదు. చెప్పకపోయినా బతీస్తా క్షవరం చేయించుకున్నాడు.

సాకులు వెతక్కుండా పో.

ఎతెల్వీనా.


వలెన్సియా,
20 మార్చి.

వదినా,

నమస్కారాలు తర్వాత. ముందు మిమ్మల్ని తిట్టాలి. కాలు బెణికిందని అబద్ధమాడి, నన్ను ఒంటరిగా ఆ తలుపు ముందు నిలబెట్టి పారిపోయారు. చేతిలో పెట్టె పట్టుకుని నీలం పెంకుల ఎదుట ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకి కుర్చీలు తెచ్చుకున్నారు.

కొట్టబోయేలోపు తలుపు తెరుచుకుంది. బతీస్తా బావ. పండుగకి కదా వచ్చావు, లోపలికి రా, మీ అక్క పెరట్లో ఉంది అన్నాడు. అక్క వెనక్కి తిరగలేదు. దారిలో తిన్నావా అంది. తిన్నానన్నాను. అబద్ధం అంది. ఆమ్లెట్ వేసి పెట్టింది. అంతే, ఆదివారం మొత్తం అదే మాట్లాడింది. రాత్రి నా గది సున్నం వాసన వేసింది. నిద్ర పట్టలేదు, ఆమెకీ పట్టలేదని గోడ అవతల మంచం చప్పుడు వల్ల తెలిసింది.

నిన్న సెయింట్ జోసెఫ్ పండుగ. పొద్దున్నే ఇద్దరం చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నాం. ఇక నేనే మొదలుపెట్టాను. చూశావా, నేను కలపలేదు అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ మాట ఎలా అనాలో తిప్పి తిప్పి సిద్ధం చేసుకున్నదాన్ని, తీరా అంటే పేలవంగా వచ్చింది. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది.

"నువ్వు కలపలేదని నాకు అప్పుడే తెలుసు" అంది.

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మరి అంతమందిలో ఎందుకన్నావని అడిగాను.

"మర్నాడు నువ్వు రైలెక్కి వెళ్ళిపోతున్నావు. ఆ అన్నం బాగా కుదిరి ఉంటే అందరి ముందూ కూర్చుని ఏడ్చేదాన్ని. పాడయింది కాబట్టి తిట్టాను."

అంతేనట వదినా. మీరు అన్నం కాక ఇంకేదైనా ఉందా అని అడిగారు కదా, ఇదే ఉంది. తిట్టడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదట. నేనైతే ఆమె నోట ఆ ఒక్క మాట వింటే చాలని ఇన్నేళ్ళూ అనుకున్నాను. విన్నాక అది నాకు అక్కర్లేదని తెలిసింది. నాకు కావలసింది ఆమె.

తర్వాత ఎవరు వండాలని కాసేపు గొడవపడ్డాం. ఉప్పు దగ్గర పెద్దదే పడ్డాం. బతీస్తా బావ వీధిలోకి పోయి టపాకాయల దగ్గర ప్రశాంతంగా ఉందని అక్కడే నిలబడ్డాడట. మేమిద్దరం మాత్రం పొయ్యి విడిచి కదల్లేదు. ఒకరినొకరు చూసుకుంటూ, మంట చూసుకుంటూ కూర్చున్నాం.

రెండు దాటాక పెనం దించాం. నిన్న అన్నం చాలా బాగా కుదిరింది వదినా. అందుకని ఇద్దరం ఏడ్చాం.

మీ మరదలు,
దొలోర్స్.